ఇంకోటి తెచ్చుకోవచ్చుగా?

మా ఇంట్లో కుక్క చనిపోయి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో మా అమ్మానాన్నలకి వచ్చిన సలహాలన్నీ కలిపి చూస్తే రెండే రకాలు. ఒకటి, "బాధపడుతూ కూర్చోకండి, వెంటనే ఇంకోటి తెచ్చుకోండి". రెండోది, "ఇక జన్మలో కుక్క జోలికి పోకండి, ఎందుకొచ్చిన బంధాలు". మొదటి రకం వాళ్ళలో అందరికంటే ముందున్నది డల్లాస్ లో ఉండే మా అక్క. రెండో రకంలో మా పక్కింటి పిన్నిగారు. ఇద్దరూ మంచి మనసుతో చెప్పినవాళ్ళే. కానీ రెండూ తప్పు సలహాలే అని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను. కొంచెం పెద్ద టపానే, ఓపిక చేసుకుని చదవండి :)

ముందు మా వాడి గురించి రెండు ముక్కలు. పేరు జిమ్మీ. (తెలుగునాట కుక్కలకి ఉండే పేర్లు మొత్తం పదో పదిహేనో అనుకుంటా. టామీ, జిమ్మీ, టైగర్, స్నూపీ, రాజు... అక్కడితో సరి.) జాతి కుక్కేం కాదు, వీధి కుక్కే. నేను ఇంటర్ సెకండియర్ లో ఉండగా వానలో తడిసి తెనాలిలో మా ఇంటి మెట్ల కింద దూరాడు. ఆ పూటకి ఉండనిద్దాం అనుకున్నాం, పదకొండేళ్ళు ఉన్నాడు. చివరి ఏడాది కిడ్నీలు పాడయ్యాయి. వయసు మళ్ళిన కుక్కల్లో ఇది మామూలేనట. సెలైన్లు, మందులు, ఉప్పు లేని అన్నం, అన్నీ అయ్యాయి. నేను హైదరాబాద్ నుంచి వెళ్ళేసరికి సపోటా చెట్టు కింద పూడ్చిపెట్టడం కూడా అయిపోయింది. ఆఫీసుకి సెలవు పెడుతూ కారణం దగ్గర "పర్సనల్" అని మాత్రం రాశాను. కుక్క పోయిందని రాస్తే చదివేవాళ్ళ మొహం ఎలా ఉంటుందో ఊహించగలను కాబట్టి.

దీనికి ఒక పేరుంది. అమెరికాలో కెన్నెత్ డోకా అనే ప్రొఫెసర్ 1989లో దీని మీద ఒక పుస్తకమే తెచ్చాడు. లోకం గుర్తించని దుఃఖం అని చెప్పుకోవచ్చు. మనిషి పోతే పలకరింపులుంటాయి, పదకొండో రోజుంటుంది, సెలవుంటుంది, ఏడవడానికి అనుమతి ఉంటుంది. కుక్క పోతే ఇవేవీ ఉండవు. పైగా మన భాషలో "కుక్క చావు" అనేది తిట్టు. అందుకే చుట్టూ ఉన్నవాళ్ళకి ఏమనాలో తెలీక, నోటికి తోచిన "ఇంకోటి తెచ్చుకోండి" అనేస్తారు. అది నిజానికి సలహా కాదు. ఆ సంభాషణ త్వరగా ముగించడానికి ఒక మార్గం, అంతే.

సరే, అసలు విషయానికొద్దాం.

వెంటనే తెచ్చుకోమనేవాళ్ళ లాజిక్ మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా ఎక్కుతుంది. మనకి రీప్లేస్ చెయ్యడం అలవాటు కదా. లాప్‌టాప్ పోతే ఒక టికెట్ వేస్తాం, కొత్తది వస్తుంది, బ్యాకప్ లోంచి డేటా ఎక్కించుకుంటాం, వారం తిరిగేసరికి పాతది గుర్తు కూడా ఉండదు. కుక్కకి బ్యాకప్ ఏది?

బ్యాకప్ తీసి మరీ ప్రయత్నించినవాళ్ళు ఉన్నారండీ. 2001 డిసెంబర్ లో టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో ప్రపంచంలోనే మొదటి క్లోనింగ్ పిల్లి పుట్టింది. పేరు సీసీ. దాని మాతృక రెయిన్‌బో అనే మూడు రంగుల పిల్లి. సీసీకి జన్యువులన్నీ రెయిన్‌బోవే, కానీ ఒంటి మీద ఆ నారింజ రంగే రాలేదు. ఆ రంగుల మచ్చలు ఎక్కడ పడాలనేది గర్భంలో కణాలు పెరిగేటప్పుడు యాదృచ్ఛికంగా తేలుతుంది, ఒకే జన్యువులున్నా ఒకేలా తేలదు. 2005లో దక్షిణ కొరియాలో మొదటి క్లోనింగ్ కుక్క స్నప్పీ పుట్టింది. ఇప్పుడది వ్యాపారం కూడా. అమెరికాలో కుక్కకి దాదాపు 50 వేల డాలర్లు తీసుకుంటారు. గాయని బార్బ్రా స్ట్రైసాండ్ 2017లో చనిపోయిన తన కుక్క సమాంతా కణాలతో రెండు పిల్లల్ని చేయించుకున్నానని 2018లో చెప్పింది. ఆ రెండింటి స్వభావాలూ వేరువేరుగా ఉన్నాయని కూడా ఆవిడే చెప్పింది.

అంటే అచ్చంగా అవే జన్యువులు, కోటీశ్వరుల డబ్బు, ప్రపంచంలో గొప్ప ల్యాబులు ఉన్నా పాత కుక్క తిరిగి రాలేదు. మరి విజయవాడలో ఏదో బ్రీడర్ దగ్గర కొన్న పిల్లతో ఎలా వస్తుంది? జిమ్మీ అంటే నాలుగు కాళ్ళూ తోకా కాదు. కరెంటు పోగానే వెళ్ళి అమ్మ కాళ్ళ దగ్గర పడుకోవడం, నాన్న స్కూటర్ సౌండుని వీధి చివరే పట్టేయడం, పదకొండేళ్ళలో ఒక ఇంటికీ ఒక జంతువుకీ మధ్య పేరుకున్న అలవాట్లు. కొత్తగా వచ్చేదానికి ఆ అలవాట్లేవీ ఉండవు. దాని సొంతవి దానికుంటాయి, పైగా మొదటి ఆరు నెలలు చెప్పులు కొరుకుతుంది.

అప్పుడేమవుతుంది? "జిమ్మీ అయితే ఇలా చేసేవాడు కాదు" అనే మాట రోజుకి పదిసార్లు వస్తుంది. మా పాత టీమ్ లో ఒకాయన సరిగ్గా ఇదే చేశాడు. లాబ్రడార్ పోయిన మూడో వారంలో అదే రంగు లాబ్రడార్ పిల్లని తెచ్చి అదే పేరు పెట్టాడు. ఐదు నెలలకి ఎవరో ఫామ్ హౌస్ వాళ్ళకి ఇచ్చేశాడు. ఆయన చెడ్డవాడేం కాదు. కానీ ఆ పిల్ల తనకి ఇవ్వని ఉద్యోగానికి రోజూ అప్రైజల్ ఇప్పించుకుంది పాపం.

ఇక రెండో రకం సలహా, జన్మలో వద్దు అనేది. మనవాళ్ళు వైరాగ్యాల్ని ఎప్పుడో లిస్టు రాసి పెట్టారు... పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని. పురాణం వింటున్నప్పుడు, నొప్పులు పడుతున్నప్పుడు, కాటి దగ్గర నిలబడ్డప్పుడు పుట్టే వైరాగ్యాలు నిలవవని దాని అర్థం. అంటే ఆ సమయాల్లో చేసే ప్రతిజ్ఞల మీద జీవితాన్ని ప్లాన్ చేసుకోవద్దని మన పెద్దలే చెప్పారన్నమాట. ప్రొడక్షన్ తగలబడిపోతున్న రాత్రి ఆర్కిటెక్చర్ నిర్ణయాలు తీసుకోం కదా, ఇదీ అంతే.

"బంధాలెందుకు" అనేవాళ్ళకి ఇంకోటి గుర్తు చెయ్యాలి. ధర్మరాజు రాజ్యం వదిలేశాడు, దారిలో పడిపోయిన ద్రౌపదినీ తమ్ముళ్ళనీ దాటుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయనకంటే పెద్ద వైరాగి ఎవరు? చివరికి ఇంద్రుడు రథం తెచ్చి, వెంట వచ్చిన కుక్కని వదిలేసి ఎక్కమంటే మాత్రం ఎక్కనన్నాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదలనన్నాడు. కుక్కతో బంధం మోక్షానికి అడ్డమని మహాభారతం అయితే అనలేదు :)

కొత్తదాన్ని తెస్తే పాతదానికి ద్రోహం చేసినట్టు అనిపిస్తుందని చాలామంది అంటారు. ఆ బాధ నిజమే. కానీ ఇల్లు ఖాళీగా ఉంచిన రోజుల లెక్కతో ప్రేమని కొలవలేం. రెండో బిడ్డ పుడితే మొదటి బిడ్డ మీద ప్రేమ సగం కాదు కదా.

మరి ఎన్నాళ్ళు ఆగాలి? నన్నడిగితే దీనికి అంకె లేదు. మూడు నెలలని, ఆరు నెలలని, సంవత్సరీకం అయ్యాక అని రకరకాలుగా చెప్తారు. దుఃఖానికి ఐదు దశలుంటాయి, అవన్నీ దాటాక తెచ్చుకోవాలి అనేది ఇంకో మాట. ఎలిజబెత్ కూబ్లర్ రాస్ 1969లో ఆ ఐదు దశలు రాసింది చావుకి దగ్గరైన రోగుల్ని చూసి. వాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళకి టైమ్ టేబుల్ వెయ్యడానికి కాదు. దుఃఖం వాటర్ ఫాల్ మోడల్ లో నడవదు. ఒక దశ సైన్ ఆఫ్ అయ్యాకే ఇంకోటి మొదలవుతుందని ఏం లేదు.

అంకె కచ్చితంగా ఉండే సందర్భం ఒకటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. కుక్కపిల్ల పార్వో వైరస్ తో పోతే ఆగి తీరాలి. ఇది 1978 ప్రాంతంలో బయటపడి ప్రపంచమంతా పాకిన జబ్బు. ఆ వైరస్ ఇంట్లో నెలల తరబడి ఉంటుంది, నీడా తడీ ఉన్న మట్టిలో ఏడాది దాకా కూడా ఉండగలదు. మామూలు ఫినాయిల్ తో పోదు. నేల శుభ్రంగా కడిగాక ఒక వంతు ద్రవరూప బ్లీచ్ కి ముప్ఫై వంతుల నీళ్ళు కలిపి పోసి పది నిమిషాలు తడిగా ఉంచాలి. పెరటి మట్టిని అలా కడగలేం. కుక్కపిల్లలకి టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున 16 వారాలు నిండేదాకా వేయించాలి. ఆ కోర్సు పూర్తికాని పిల్లని ఆ ఇంట్లోకి తేవడమంటే తెలిసి తెలిసి ప్రాణం మీదకి తేవడమే. నాకు తెలిసిన ఒకళ్ళ ఇంట్లో పిల్లలు ఏడుస్తున్నారని రెండు వారాల్లో రెండో పిల్లని తెచ్చారు. పది రోజుల్లో అదీ పోయింది. ఆ ఇంటి పిల్లలు రెండుసార్లు ఏడ్చారు. అలాంటిచోట డాక్టర్ని అడిగి టీకాలన్నీ అయిన పెద్ద కుక్కని తెచ్చుకోవడం నయం.

అలాగే ఇంట్లో ఇంకో జంతువు ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. 2022లో ఇటలీలో రెండు కుక్కలు పెంచి ఒకదాన్ని పోగొట్టుకున్న నాలుగొందల పైచిలుకు యజమానుల్ని అడిగితే, మిగిలిన కుక్క ఆడటం తగ్గించిందని, తిండి తగ్గించిందని, మనిషిని అంటిపెట్టుకుని ఉంటోందని చాలామంది చెప్పారు. తోడు లేకే కదా అని దాని మీదకి అల్లరి పిల్లని వదిలితే అది సంతోషిస్తుందన్న గ్యారంటీ లేదు.

ఇప్పుడు నేను అసలు చెప్పదల్చుకున్నది. "ఎప్పుడు తెచ్చుకోవాలి" అనే ప్రశ్న కంటే "ఎవరు నిర్ణయించాలి" అనేది పెద్ద ప్రశ్న. మన ఐటీ వాళ్ళ ఇళ్ళల్లో మరీనూ.

మా అక్క సంగతే తీసుకోండి. జిమ్మీ పోయిన నెలకి విజయవాడలో ఒక లాబ్రడార్ పిల్లని ఫోటోలో సెలెక్ట్ చేసి, అడ్వాన్స్ కట్టబోతూ నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్, అమ్మానాన్నకి సర్‌ప్రైజ్ ఇద్దాం, నువ్వెళ్ళి తీసుకెళ్ళి ఇంట్లో దింపు" అని. నేను కుదరదన్నాను. వారం రోజులు మాటల్లేవు. దాన్ని తప్పుపట్టడానికి ఇది రాయట్లేదు. దూరంగా ఉన్నవాళ్ళకి ఏదో ఒకటి పంపించడం తప్ప ఇంకో దారి కనపడదు. టీవీ, ఏసీ, వాటర్ ప్యూరిఫయర్, బీపీ మిషన్... అలా పంపిస్తూ పంపిస్తూ ఉంటాం. హైదరాబాద్ లో ఉన్న నేనూ అదే బాపతు. కానీ కుక్కపిల్ల ఆ లిస్టులో చేరే వస్తువు కాదు.

లెక్క వేసి చూపించాను అక్కకి. లాబ్రడార్ సుమారు 12 ఏళ్ళు బతుకుతుంది. నాన్నకి ఇప్పుడు 63, అమ్మకి 59. అది ముసలిదయ్యేసరికి నాన్నకి 75. పెరిగాక 30 కిలోలు తూగే కుక్క పిల్లిని చూసి గొలుసు లాగితే నాన్న మోకాళ్ళ గతేంటి? రాత్రిళ్ళు ఏడ్చే పిల్లని ఎవరు చూస్తారు? అన్నిటికంటే ముఖ్యం, అక్క మొదటి కాన్పుకి డల్లాస్ వెళ్ళింది అమ్మ ఒక్కతే. విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు, కానీ జిమ్మీని ఎవరికి అప్పజెప్పాలో తెలీక నాన్న ఆగిపోయారు. మనవరాల్ని ఆయన ఇప్పటికీ ఫోన్ లోనే చూశారు. ఆ మాట అనేసరికి అక్క కాసేపు మాట్లాడలేదు.

తర్వాత నేను తెనాలి వెళ్ళినప్పుడు ఇద్దర్నీ విడివిడిగా అడిగాను. ఇద్దర్నీ కూర్చోబెట్టి అడిగితే ఒకళ్ళ కోసం ఒకళ్ళు అబద్ధం చెప్తారు, అనుభవం మీద చెప్తున్నా.

నాన్న అన్నది ఇది. "కుక్క కావాలని కాదురా. ఐదింటికి మెలకువ వచ్చేస్తుంది. లేచి ఏం చెయ్యాలో తెలీట్లేదు." బ్యాంకు ఉద్యోగం అయిపోయాక ఆయనకి మిగిలిన డ్యూటీ అదొక్కటే. ఐదింటికి జిమ్మీని తీసుకుని కాలవ గట్టు మీద నడక, టీ కొట్టు, అక్కడ నలుగురితో పేపర్ మీద చర్చ. వాడు పోయాక ఆయన టీ కొట్టుకి వెళ్ళడం కూడా మానేశారు. అంటే ఆయన పోగొట్టుకున్నది కుక్కని మాత్రమే కాదు, పొద్దుటి పూటని కూడా. ఆ లోటుకి కుక్కపిల్ల ఒక్కటే మందు కాదు.

అమ్మ అన్నది ఇంకా సూటిగా ఉంది. "మీ నాన్నకి వాకింగు, నీకు ఫోటోలు, మీ అక్కకి వీడియో కాలు. వాడు చివరి నెలంతా వాంతులు చేసుకుంటే ఎత్తిపోసింది ఎవర్రా?" నిజమే కదా. చాలా ఇళ్ళల్లో కుక్కని తెచ్చేది పిల్లలు, ఒప్పుకునేది నాన్న, వద్దనేది అమ్మ. చివరికి చాకిరీ అంతా చేసేది, ఎక్కువ ఏడ్చేదీ కూడా అమ్మే. కాసేపాగి మళ్ళీ తనే అంది, "ఇప్పుడప్పుడే మాత్రం ఇంకో గిన్నెలో అన్నం కలపలేను నాన్నా" అని. వద్దని అనలేదు చూడండి. ఇప్పుడప్పుడే అని మాత్రమే అంది.

నా మటుకు నాకు అక్కడితో తేలిపోయింది. ఎన్నాళ్ళకి అనేది క్యాలెండర్ చెప్పదు, బంధువులు చెప్పరు, డబ్బు కట్టేవాళ్ళు అంతకన్నా చెప్పకూడదు. గిన్నెలో అన్నం కలిపే మనిషి చెప్పాలి. మిగతా అందరికీ ఓటు ఉండచ్చు, వీటో మాత్రం ఆ ఒక్కరిదే.

ఆ మనిషి సరే అన్నాక కూడా అడ్వాన్స్ కట్టే ముందు ఇవి అడుక్కోవాలి అని నా ఉద్దేశం:

1. వెతుకుతున్నది కుక్క కోసమా, ఆ కుక్క కోసమా? అదే రంగు, అదే పేరు, అదే మచ్చ వెతుకుతుంటే ఇంకా టైమ్ రాలేదని అర్థం. దీనికి మచ్చ లేదు కానీ చెవులు భలే ఉన్నాయే అనిపించిన రోజు వచ్చినట్టు.

2. వచ్చే 12 ఏళ్ళలో మన ప్లాన్ ఏంటి? పెళ్ళి, ఆన్‌సైట్, అద్దె ఇంటి ఓనరు, బెంగుళూరుకి బదిలీ... సాఫ్ట్‌వేర్ వాడికి 12 నెలల ప్లానే ఉండదు. కనీసం ఈ ప్రశ్న అడుక్కోవాలి.

3. పిల్లే కావాలా? ఐదారేళ్ళ కుక్కయితే స్వభావం ముందే తెలుస్తుంది, చెప్పులు మిగులుతాయి, పెద్దవాళ్ళ మోకాళ్ళకీ మంచిది. హైదరాబాద్ లో అక్కినేని అమల 1992లో పెట్టిన బ్లూ క్రాస్ లాంటి సంస్థల దగ్గర ఇల్లు లేని కుక్కలకి కొదవలేదు. అసలు మన వాతావరణానికి వీధి కుక్కని మించింది లేదు, హస్కీని తెచ్చి ఏసీ గదిలో బంధించక్కర్లేదు.

4. పోయినదాని చివరి రోజులు ఎలా గడిచాయి? ఏడాది పాటు జబ్బు కుక్కకి సేవ చేసిన మనిషికి ముందు కావాల్సింది నిద్ర. కొత్త కుక్క తర్వాత.

ఇంతకీ మా ఇంట్లో ఏం జరిగిందంటే, లాబ్రడార్ ఆగిపోయింది. అమ్మా నాన్నా ఇద్దరూ కలిసి మొదటిసారి డల్లాస్ వెళ్తున్నారు, వీసాలు అయ్యాయి. నాన్నని మళ్ళీ టీ కొట్టు దాకా లాక్కెళ్ళే పని ఆయన ఫ్రెండ్స్ కి అప్పజెప్పాను. తిరిగొచ్చాక కుక్క ఉండచ్చు, ఉండకపోవచ్చు. ఆరు నెలల్లో అమ్మ "ఆ గిన్నె ఎక్కడ పెట్టాను" అంటే తెచ్చుకుంటాం. అనకపోతే అదీ సరైన నిర్ణయమే. రెండోసారి పెంచుకోనివాళ్ళు మొదటిదాన్ని తక్కువ ప్రేమించినట్టూ కాదు, ఎక్కువ ప్రేమించినట్టూ కాదు.

మీ ఆఫీసులో ఎవరైనా కుక్కో పిల్లో పోయి మొహం వేలాడేసుకుని కూర్చుంటే ఒక్క పని చెయ్యండి. "ఇంకోటి తెచ్చుకోవచ్చుగా" అనకండి. "దాని పేరేంటి?" అని అడగండి చాలు. మిగతాది వాళ్ళే చెప్తారు, మీరు వింటూ ఉంటే సరిపోతుంది.

ఇది నా అభిప్రాయం. పోగొట్టుకుని, మళ్ళీ తెచ్చుకున్నవాళ్ళు, వద్దనుకున్నవాళ్ళు మీలోనూ ఉంటారు. మీ ఇంట్లో ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారు?